పొడుగు లెన్సు పొట్టిదైన కథ

దూరంగా ఉన్నది ఫోటోలో పెద్దగా పడాలంటే లెన్సు నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఎక్కువ ఉండాలి. ఈ సంగతి ఫోటోగ్రఫీ పుట్టిన నాటి నుంచీ తెలిసిందే. చిక్కంతా పొడవుతోనే వచ్చింది. మామూలు కుంభాకార కటకంతో 500 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అర మీటరు ఖాళీ వదలాలి. అంత పొడుగు గొట్టాన్ని మోయడం కష్టం, కదలకుండా నిలపడం ఇంకా కష్టం. అందుకే టెలిఫోటో లెన్సు చరిత్రను దూరాన్ని గెలిచిన కథగా కాక, ఆ గొట్టాన్ని కుదించుకుంటూ వచ్చిన కథగా చదవాలంటాను.

కుదించే ఉపాయం కెమెరా కంటే చాలా పాతది. 1611లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ తన ‘డయాప్ట్రిస్’ గ్రంథంలో దాన్ని వివరించాడు. ముందు కుంభాకార కటకం, దాని వెనుక కాస్త ఎడంగా పుటాకార కటకం. ముందుది కాంతి కిరణాలను దగ్గరకు చేరుస్తుంది. అవి పూర్తిగా కలవకముందే వెనుకది అడ్డుపడి వాటిని కొంచెం విప్పుతుంది. దాంతో కిరణాలు మరింత సన్నని కోణంలో, నింపాదిగా కలుస్తాయి. ఫిల్ము వైపు నుంచి చూస్తే ఆ కాంతి ఎక్కడో చాలా ముందున్న లెన్సు నుంచి వస్తున్నట్టే ఉంటుంది. అక్కడ నిజానికి గాజు లేదు, గాలే ఉంది. లేని పొడవును గాలిలో కల్పించడం! నాకైతే దృశా శాస్త్రంలో ఇంతకంటే అందమైన ఊహ కనిపించలేదు.

ఆ ఊహ కెమెరాకు ఎక్కడానికి 280 ఏళ్లు పట్టింది. 1891లో లండన్‌లో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథే, అడాల్ఫ్ స్టైన్‌హైల్ ఎవరికి వారే టెలిఫోటో లెన్సులు రూపొందించారు. 1899లో డాల్‌మేయర్ ‘టెలిఫోటోగ్రఫీ’ అని ఒక పుస్తకమే రాశాడు. అయితే ఆ తొలి లెన్సుల్లో కాంతికి కరువు. బొమ్మ మూడింతలు పెద్దదైతే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. నాటి ప్లేట్ల మీద అంత మసక బొమ్మ పడాలంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి. కొండలూ గోపురాలూ కదలవు కనుక సరిపోయింది. పిట్ట కదలకుండా కూర్చుంటుందా?

అందుకే పక్షుల ఫోటోలు తీసేవాళ్లు అప్పట్లో దగ్గరకు వెళ్లక తప్పేది కాదు. 1892లో గుడ్లున్న పక్షి గూటిని ఫోటో తీసి పేరు తెచ్చుకున్న ఇంగ్లండ్ సోదరులు రిచర్డ్, చెర్రీ కియర్టన్‌లు ఇందుకోసం ఎద్దు చర్మంతో డొల్ల బొమ్మ చేయించుకున్నారు. అందులో దూరి, కెమెరాతో పిట్టల పక్కన నిలబడేవారు. వారి ఓపికకు దండం పెట్టాల్సిందే. అయినా గూటి దగ్గరకు మనిషి రావడం పక్షికి ఎప్పుడూ గండమే. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడతాయి, కాకుల పాలవుతాయి. ఇవాళ నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గట్టు మీదే ఆగిపోయి, నీళ్లలో నిలిచిన చెట్ల మీది గూడబాతు పిల్ల నోరు తెరవడాన్ని ఫోటో తీయగలుగుతున్నాం. పొడుగు లెన్సు చేసిన మేలన్నిటిలో నేను ముందు చెప్పేది ఇదే.

కాంతి కరువు నెమ్మదిగా తీరింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం జైస్ కంపెనీ 180 మిల్లీమీటర్ల, వెలుగును ధారాళంగా రానిచ్చే ఎఫ్/2.8 సోనార్ లెన్సు తెచ్చింది. అద్దాలతో కాంతిని మడిచి పొడవు తగ్గించే మిర్రర్ లెన్సులూ వచ్చాయి, కానీ వాటిలో వెనుకనున్న వెలుగు చుక్కలన్నీ ఉంగరాలై కనబడతాయి. ఇక మిగిలింది రంగు. నాభ్యంతరం పెరిగేకొద్దీ ఎరుపు, నీలం కిరణాలు వేర్వేరు చోట్ల కలుస్తాయి. తెల్లని రెక్క అంచున ఊదా గీత పడుతుంది. ఫ్లోరైట్ స్ఫటికం దీన్ని బాగా అదుపు చేస్తుందని సూక్ష్మదర్శినులు చేసేవారికి పందొమ్మిదో శతాబ్దంలోనే తెలుసు. కానీ ప్రకృతిలో దొరికే మేలైన స్ఫటికాలు కెమెరా లెన్సుకు చాలనంత చిన్నవి. కానన్ ఆ స్ఫటికాన్ని కొలిమిలో పెంచి, 1969లో 300 మిల్లీమీటర్ల లెన్సులో వాడింది.

తర్వాత చేతి వణుకు. 400 మిల్లీమీటర్ల లెన్సు చేత్తో పట్టుకుంటే షట్టర్ వేగం సెకనులో 400వ వంతుకు తగ్గకూడదన్నది పాత లెక్క. 1995లో కానన్ 75-300 జూమ్‌లో గైరో సెన్సర్లు వణుకును పసిగట్టి, లోపలి కటకాలను ఎదురు జరపడం మొదలైంది. దీని విలువ హైదరాబాద్ బేగంపేటలో విమాన ప్రదర్శన చూసేవారికి బాగా తెలుస్తుంది. జెట్‌కు సెకనులో వెయ్యో వంతు పెట్టినా నష్టం లేదు. హెలికాప్టర్‌కు అదే వేగం పెడితే రెక్కలు బిగుసుకుపోయి, అది తాడుకు వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. రెక్కలు తిరుగుతున్నట్టు పడాలంటే 125వ వంతుకో అంతకంటే తక్కువకో దిగి, దానితోపాటే కెమెరా తిప్పాలి. అప్పుడు పక్కకు కదలికను వదిలేసి, పైకీ కిందికీ ఊగడాన్ని మాత్రమే సరిదిద్దే పద్ధతి కొత్త లెన్సుల్లో ఉంది.

కుదింపు ఇంకా ఆగలేదు. లైట్‌హౌస్ దీపాల కోసం ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రెనెల్ రూపొందించిన మెట్ల కటకం తరహాలో సన్నని వలయాలున్న కటకాన్ని కానన్ 2001లో 400 మిల్లీమీటర్ల లెన్సులో పెట్టింది. నికాన్ 2018లో తెచ్చిన 500 మిల్లీమీటర్ల లెన్సు పొడవు 237 మిల్లీమీటర్లు, బరువు 1,460 గ్రాములు. అర మీటరు నాభ్యంతరం, పావు మీటరుకు లోపు గొట్టం.

ఏ గాజుకూ లొంగనిది గాలి ఒక్కటే. ఎండెక్కాక పులికాట్ సరస్సు మీద వేడి పొరలు లేచి కిరణాలను వంచుతాయి. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా దూరపు ఫ్లెమింగోలు అలికినట్టు వస్తాయి. పొద్దు పొడవగానే వెళ్లి, తొమ్మిది కాకముందే పని ముగించుకోవడం మేలు.