యుద్ధమునకు పోయిన మన పెద్దలు: వారి జాడ తెలియుట ఎట్లు?

సంగారెడ్డినుండి పటాన్‌చెరు మీదుగా రామచంద్రాపురము వరకు గల నేల నేడు కర్మాగారముల నేల. 1960 తరువాతి దశాబ్దమున బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ ఇచట నెలకొన్నది. 1972లో ఇక్రిశాట్ పరిశోధనసంస్థ వచ్చినది. పిమ్మట మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు వరుసగా వెలసినవి. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమునకు పునాది పడినది; సైన్యము వాడు యుద్ధశకటములు అచటనే తయారగుచున్నవి. పనికై శ్రీకాకుళము మొదలు చిత్తూరు వరకు గల జిల్లాలనుండి, తెలంగాణపు పల్లెలనుండి, పొరుగు రాష్ట్రములనుండి జనులు వచ్చి ఇచట స్థిరపడిరి. ఈ కారణమున ఒక్క వీథిలోని నాలుగు ఇండ్లలో నాలుగు సైన్యముల జ్ఞాపకములు దాగియుండుట సంభవము. ఒకరి తాత నిజాము దళములలో నుండెను. ఒకరి ముత్తాత మద్రాసు సైన్యమున నుండెను. ఒకరి పెద్దనాన్న సింగపూరులో బందీ యయ్యెను. ఇంకొకరి పూర్వుడు తుపాకి పట్టలేదు గాని కంచరగాడిదలను తోలుకొని యుద్ధరంగమునకు పోయెను.

మొదటి ప్రపంచయుద్ధమున భారతదేశమునుండి పది లక్షలకు మించిన వారు సముద్రము దాటిరి. రెండవ యుద్ధకాలమున ఇరువదియైదు లక్షలమంది సైన్యమున చేరిరి. ఇంతమంది పోయినను, మన తెలుగు ఇండ్లలో వారినిగురించి మిగిలినది తరచుగా ఒక్క వాక్యమే: “మా తాత మిలిటరీకి పోయిండట.” ఏ దళము, ఏ దేశము, ఏ సంవత్సరము అన్నచో సమాధానము రాదు. ఆ ఒక్క వాక్యమునుండి నిజమువరకు దారి ఎట్లు వేయవలెనో ఈ ప్రసంగమున ముచ్చటింతుము.

మొదట గ్రహింపవలసినది, హైదరాబాదు పేరుగల సైన్యము ఒక్కటి కాదను విషయము. నిజాము ప్రభువునకు స్వంత దళములు వేరుగా నుండెను. బ్రిటిషు అధికారుల చేతిలో ‘హైదరాబాదు కంటింజెంటు’ అనునది మరియొకటి యుండెను. దాని పోషణకొరకే 1853 నాటి ఒడంబడికలో బీరారు జిల్లాలు కంపెనీవారికి అప్పగింపబడినవి. 1903లో ఆ కంటింజెంటు బ్రిటిషు ఇండియా సైన్యమున కలిసిపోయినది. దాని అశ్వదళములు దక్కను హార్సు మొదలగు పేర్లను, పదాతిదళములు రస్సెల్ ఇన్‌ఫంట్రీ, దక్కను ఇన్‌ఫంట్రీ మొదలగు పేర్లను ధరించినవి. ఇక సికిందరాబాదు దండు 1806నుండియు బ్రిటిషువారి శిబిరము. కనుక “మా తాత హైదరాబాదు పటాలములో నుండె” ననగానే, ఏ హైదరాబాదు అని అడుగవలసి యున్నది.

పేర్లు చేయు మోసమునకు కొన్ని నిదర్శనములు చెప్పెదము. 1916 జూలై 14వ తేదీన ఫ్రాన్సులోని సొమ్ రణరంగమున, హైవుడ్ అను అడవి ప్రక్కన, గుఱ్ఱములమీద దాడి వెడలిన దళము 20వ దక్కను హార్సు. అది చేరియున్న బ్రిగేడు పేరు సికిందరాబాదు అశ్వబ్రిగేడు. ఈ రెండు పేర్లు వినిన మనకు అందరును మనవారే యని తోచును. కాని ఆ దళమున సిక్కులు, జాట్లు, దక్కను ముసల్మానులు ఉండిరి. అట్లే రెండవ యుద్ధారంభమున 19వ హైదరాబాదు రెజిమెంటున ప్రధానముగా నుండినవారు కుమావూనీలు, అహీరులు, జాట్లు. ఆ సంగతి గ్రహించియే 1945లో దాని పేరును కుమావూన్ రెజిమెంటుగా మార్చిరి; నేడు దాని కేంద్రము రాణీఖేతులో నున్నది. 1918లో నిజాము ద్రవ్యముతో సమకూరిన బ్రిటిషు 110వ విమానదళమునకును, 1940లో ఇంగ్లండు ఆకాశమున పోరాడిన 152వ విమానదళమునకును హైదరాబాదు పేరు తగిలించిరి. ధనము మనది, నడిపినవారు వేరు. పేరునుబట్టి మనిషిని వెదకుట కంటె మనిషినిబట్టి పేరును వెదకుట మేలు.

మరి మన ప్రాంతపు దళము ఏది? మొదటి యుద్ధమున ముఖ్యముగా చెప్పుకొనదగినది హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్ల దళము. సంస్థానములు తమ ఖర్చుతో పోషించి, యుద్ధమువేళ చక్రవర్తికి పంపవలసిన దళములలో ఇది యొకటి. 1914లో ఈ లాన్సర్లు మైసూరు, పటియాలా లాన్సర్లతో కూడి ఈజిప్టు చేరిరి. 1915 ఫిబ్రవరిలో తురుష్కసేన సూయజు కాలువపై పడినప్పుడు దాని రక్షణకై నిలిచిన సేనలలో వీరిదియు నొకటి. పిమ్మట పాలస్తీనా, జోర్డాను లోయలకు నడిచిరి. 1918లో జోధపూరు లాన్సర్లు వీరి బ్రిగేడున చేరిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఈ బ్రిగేడు హైఫా నగరమును పట్టుకొన్నది. ఢిల్లీలో 1922లో ప్రతిష్ఠించిన మూడు కంచు విగ్రహములు ఈ మూడు సంస్థానముల లాన్సర్లకే గురుతులు. ఆ మూడు మూర్తులవలననే ఆ కూడలికిని, నెహ్రూగారు నివసించిన భవనమునకును ‘తీన్‌మూర్తి’ యను పేరు వచ్చినది. 2018లో ఆ కూడలికి హైఫా పేరుకూడ చేర్చిరి.

ఇచట సత్యమునకు ఒక పరీక్ష ఎదురగును. హైఫా దాడిలో బల్లెములెత్తి పట్టణముమీదికి దూకినవారు జోధపూరు, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు దళము ఆ బ్రిగేడులోనిదే యైనను ఆ కీర్తిలో ముఖ్యభాగము వారిది కాదు. “మా ముత్తాత హైఫా గెలిచినాడు” అని చెప్పుకొను కుటుంబమునకు ఈ మాట రుచింపకపోవచ్చును. కాని నాలుగేండ్లు ఎడారియెండలో కాలువగట్టు కాచుట, నీరు దొరకని లోయలో గుఱ్ఱములను బ్రదికించుట తక్కువ పని కాదు. లేని ఘనతను తగిలించినచో ఉన్న శ్రమ మరుగుపడును.

రెండవ యుద్ధమున ఇంతకంటె పెద్ద తికమక కలదు. 1941 డిసెంబరు 8వ తేదీన జపానుసేన మలయాలోని కోటబారు తీరమున దిగినప్పుడు అచటి విమానాశ్రయపు కాపలాలో నుండినది నిజాము సంస్థానపు 1వ హైదరాబాదు ఇన్‌ఫంట్రీ. అదే కాలమున, అదే మలయాలో, ఇండియా సైన్యపు 19వ హైదరాబాదు రెజిమెంటుయొక్క 4వ పటాలముకూడ పోరాడుచుండెను. రెండును హైదరాబాదే, రెండింటి కాగితములు వేరు, మనుష్యులు వేరు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోగా వేలకొలది భారతసైనికులు బందీలైరి. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరిరి. కొందరు చేరక శిబిరములలోనే మ్రగ్గిరి. నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణము చేసిన ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడే యని శ్రోతలు ఎరుగుదురు. కాని పేరు తెలియని బందీల కథ వారి ఇండ్లలోనే వెదకవలెను.

కోస్తా, రాయలసీమలనుండి వచ్చిన కుటుంబములు మద్రాసు సైన్యమువైపు చూడవలెను. మద్రాసు శాపర్లు, పయనీర్లు మొదలగు దళములలో తెలుగువారు తరతరములుగా పని చేసిరి. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, మందుపాతరలు తీయుట వీరి పని. శాపర్ల కేంద్రము బెంగుళూరున, మద్రాసు రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున ఉన్నవి. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమువంటి గ్రామములు రెండు యుద్ధములకును మనుష్యులను పంపి, ‘మిలిటరీ మాధవరము’ అనిపించుకొన్నవి. ఊరే గుర్తుంచుకొన్నచోట ఇంటికి మరపు రాదు.

ఇక సాధనములు. మొదటి సాధనము ఇంటిలోని ట్రంకుపెట్టె. మొదటి యుద్ధపు పతకము దొరికినచో దాని ముఖముకంటె అంచును పరిశీలింపుడు. అంచుమీద సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కియుండును. వెండి పతకము సిపాయిది. కంచు పతకమైనచో మీ పూర్వుడు కూలిదళమువంటి సేవాదళములలో పని చేసియుండవచ్చును. వంటవారు, గుఱ్ఱపువాండ్రు, డోలీ మోయువారు, కూలిదళమువారు లేనిదే ఏ సేనయు కదలలేదు. “మావాడు సిపాయి కాడు, నౌకరు మాత్రమే” అని సిగ్గుపడి కాగితము పారవేయరాదు.

రెండవ సాధనము పింఛను పుస్తకము, డిశ్చార్జి కాగితము. నిజాము రాజ్యపు కాగితములు ఉరుదూలో నుండును. తేదీలు ఫసలీలో నుండును. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. అక్టోబరున ఆజూరు మాసముతో మొదలగు ఆ సంవత్సరము జనవరి దాటినచో 591 కలుపవలెను. అనగా 1324 ఫసలీ 1914 అక్టోబరున ఆరంభమైనది. ముసలివారు తెలుగు సంవత్సరముల పేరు చెప్పుదురు: ఆనంద యనగా 1914, కాళయుక్తి యనగా 1918, వృష యనగా 1941. అరువది యేండ్లకొకమారు అదే పేరు తిరిగి వచ్చును గనుక, ఆ యేట ఇంకేమి జరిగినదో అడుగుడు. “పెద్ద జ్వరము వచ్చి ఊరు ఊరంత పడుకొన్నది” అన్నచో అది 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా యని స్పష్టమగును.

ఊరి పేర్లును జాగ్రత్తగా వినవలెను. అవ్వ “బస్రా పోయిండు బిడ్డా” అనగా, మనుమడు ‘బాసర’ యని వ్రాసికొని, తాతను గోదావరి ఒడ్డున సరస్వతీదేవి గుడికి పంపివేయవచ్చును. అవ్వ చెప్పినది ఇరాకులోని రేవుపట్టణము. మన ఊళ్ళ పేర్లును కాలముతో మారినవి. పాత పత్రములలో సంగారెడ్డి ‘సంగారెడ్డిపేట’ యని కానవచ్చును. తాలూకా పేరు కలబుగూరు, సుబా పేరు గుల్షనాబాదు. సంగారెడ్డి జిల్లా 2016లో ఏర్పడినది. అంతకు ముందరి కాగితమున మెదకు జిల్లా యనియే యుండును.

మూడవ సాధనము ప్రభుత్వ పత్రాగారములు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారమున ఆసఫ్‌జాహీ కాలపు పారసీ, ఉరుదూ పత్రములు అపారముగ నున్నవి. బ్రిటిషు సైన్యశాఖ కాగితములు ఢిల్లీలోని జాతీయ పత్రాగారమున, లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున కలవు. మరణించినవారి పేర్లను కామన్‌వెల్తు యుద్ధసమాధుల సంఘమువారి జాబితాలో ఇంటినుండియే వెదకవచ్చును. పెక్కు పేర్ల ప్రక్క తండ్రి పేరు, గ్రామము, జిల్లా కూడ వ్రాసియుందురు. ఆంగ్లలిపిలో మన పేర్లు పది విధములుగ మారును గనుక ఒక్కసారి కనబడలేదని విరమింపరాదు.

ఇచట ఒక కఠినసత్యము చెప్పక తప్పదు. ఢిల్లీలోని ఇండియా గేటుమీద పదమూడువేలకు మించి పేర్లు చెక్కిరి. మొదటి యుద్ధమున మరణించిన భారతీయులు డెబ్బదివేలకు పైబడినవారు. బస్రాలోని స్మారకముమీద బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కి, భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, సామాన్య సిపాయిలను అంకెలుగా మిగిల్చిరి. ఈ భేదము జరిగినదని ఆ సమాధుల సంఘమే 2021లో ఒక నివేదికలో అంగీకరించినది. రాతిమీద లేని పేరు ఇంటిలోనైన లేకపోయినచో ఆ మనిషి రెండవసారి మరణించినట్లే.

మన ఇండ్లలో ఈ పేర్లు ఏల మరుగుపడినవి? 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసి, నిజాము దళములు రద్దయిన తరువాత, ఆ దళములలో నుండితి నని చెప్పుకొనుటకు పలువురు జంకిరి. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారికి ఆనాటి సైన్యమున తావు దొరకలేదు. చేరనివారు స్వరాజ్యము వచ్చిన పిమ్మట తాము పరాయిప్రభుత్వమునకు పోరాడితిమను చిన్నబాటుతో ఊరకుండిరి. పొట్టకూటికై పోయినవానికి ఏ జెండాక్రింద నిలువవలెనో ఎన్నుకొను స్వేచ్ఛ ఎంత యుండెను? తీర్పు చెప్పుటకు ముందు కథ వినుట మన ధర్మము.

పంజాబున యుద్ధమునకు పోయిన మూడు లక్షల ఇరువదివేలమంది వివరములుగల రిజిస్టర్లు లాహోరు మ్యూజియమున నిలిచియుండి, ఇటీవల వెలుగు చూచినవి. మన వైపున ఆ పని ఇంటింటినుండి మొదలు కావలసి యున్నది. ఈ ప్రాంతమున భూముల ధరలు పెరిగి పాత ఇండ్లు కూలుచున్నవి. ఇల్లు ఖాళీ చేయునాడు అటుకమీది ట్రంకుపెట్టె పాతసామాను కొనువాని బండి ఎక్కుచున్నది. అంతకు ముందే దానిని దింపి చూడుడు. ఒక నోటుపుస్తకము తీసికొని, పూర్వుని పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, ఆయన చెప్పిన దేశముల పేర్లు, మనియార్డరు ఎచటినుండి వచ్చెడిదో, ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాయుడు. స్త్రీలను తప్పక అడుగుడు. మనియార్డరు అందుకొన్నవారు, ఉత్తరము చదివించుకొన్నవారు, రాని ఉత్తరమునకై ఎదురుచూచినవారు వారే. ఎవరు చెప్పిరో, ఏ తేదీన చెప్పిరో క్రింద వ్రాయుట మరువకుడు. కాగితముతో సరిపడినది ఒకవైపు, సరిపడనిది ఇంకొకవైపు ఉంచుడు. సరిపడని మాటను కొట్టివేయకుడు. రేపు మరియొక కాగితము దొరకి దానిని నిలబెట్టవచ్చును.