ఆవిరి రైలింజన్ల పునరుద్ధరణ

ఆవిరి రైలింజన్ల పునరుద్ధరణ అనగా సేవ నుండి తొలగించిన చారిత్రక ఆవిరి ఇంజన్లను బాగుచేసి, తిరిగి పట్టాలపై నడిచే స్థితికి తీసుకొనిరావడం. ఇంజనుకు రంగులు వేసి స్టేషను ముందు దిమ్మెపై నిలబెట్టడం పరిరక్షణే గాని పునరుద్ధరణ కాదు. బ్రిటనులో ఈ పని చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతో సాగుతున్నది. భారతదేశంలో ప్రధానంగా రైల్వే వర్క్‌షాపులే దీనిని చేపట్టాయి.

నేపథ్యం

ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లున్న విజయవాడ - కటక్ మార్గాన్ని ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 - 1896 మధ్య ప్రారంభించింది. కొల్లేటికి దక్షిణంగా కైకలూరు, ఆకివీడు మీదుగా సాగే గుడివాడ - భీమవరం మార్గం 1928లో మీటరుగేజిగా ఏర్పడింది. రెండు మార్గాలూ ఆవిరి యుగంలో పుట్టినవే. దేశంలో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను "అంతిమ్ సితారా" 1970లో చిత్తరంజన్ కర్మాగారంలో తయారైంది. బ్రాడ్‌గేజిపై ఆవిరి ఇంజన్ల నిత్యసేవ 1995లో ముగిసింది.

పనితీరు

పునరుద్ధరణలో అత్యంత కష్టమైనది బాయిలరు. ముందుగా లోపల పేరుకున్న సున్నపు పొరను గీకి తీస్తారు. తుప్పు తిన్న గొట్టాలను ఊడదీసి కొత్తవి బిగిస్తారు. రేకుల మందం కొలుస్తారు. పిదప బాయిలరును చన్నీటితో నింపి, మామూలుగా పనిచేసే పీడనం కంటె ఎక్కువ పీడనంతో పరీక్షిస్తారు. నీరు దాదాపుగా కుదించుకుపోదు గనుక ఏ రేకైనా పగిలితే కారి ఊరుకుంటుంది. అదే లోపము ఆవిరి పీడనంలో బయటపడితే విస్ఫోటనమే. నిప్పు రాజేసేది ఈ పరీక్ష నెగ్గిన తరువాతనే.

విడిభాగాలు బజారులో దొరకవు. చెక్కతో నమూనా చేసి, పోతపోసి, లేతుపై చెక్కవలసిందే. ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు. పాత మేస్త్రీల పక్కన నిలబడి నేర్వవలసినది. ఇంజను కంటె ముందు ఆ పనితనమే అంతరించే ప్రమాదమున్నది.

స్వచ్ఛంద ఉద్యమం

వేల్స్‌లో మూతపడనున్న టాలిలిన్ రైల్వేను నిలబెట్టుటకు 1950లో ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి, మరుసటి సంవత్సరం నుండి తామే రైళ్ళు నడిపారు. స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడిన మొదటి రైల్వే ఇదే. రచయిత ఎల్.టి.సి. రోల్ట్ ఈ కృషికి ముఖ్యుడు. భారతదేశంలో ఔత్సాహికుల ఇండియన్ స్టీమ్ రైల్వే సొసైటీ 1999లో ఏర్పడింది.

ఫెయిరీ క్వీన్

1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఈ ఇంజను ఈస్ట్ ఇండియన్ రైల్వేలో 1909 వరకు పనిచేసింది. దశాబ్దాల ప్రదర్శన తరువాత చెన్నైలోని పెరంబూరు వర్క్‌షాపు దీనిని నడిచే స్థితికి తేగా, 1997లో ఢిల్లీ - ఆల్వార్ మధ్య పర్యాటకుల రైలును లాగింది. 2011లో దొంగలు అనేక భాగాలు ఊడదీసుకొనిపోయారు. మళ్ళీ పెరంబూరులోనే మరమ్మతు జరిగి 2017లో పట్టాలెక్కింది. దీని జంట ఇంజను "ఎక్స్‌ప్రెస్" (ఇ.ఐ.ఆర్. 21) కూడా 1855 నాటిదే. శతాబ్దానికి పైగా కదలక నిలిచిన దానిని 2010లో అదే వర్క్‌షాపు నడిపించింది.

తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి కొండ రైలు కొరకు పాత ఎక్స్ తరగతి నమూనాలో కొత్త ఆవిరి ఇంజన్లనే నిర్మించింది. వాటిలో బొగ్గుతో నడిచే ఇంజను 2021లో పూర్తయింది.