నారికురుపు పోయిన దారి

మక్తల్ చరిత్ర చెప్పమంటే ఎవరైనా పడమటి ఆంజనేయస్వామి గుడితో మొదలుపెడతారు. తర్వాత రాయచూరు బాట వస్తుంది. పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి ఎక్కి కృష్ణ నడుమ ఉన్న కురవపురం దత్తక్షేత్రానికి పోయే భక్తులు, నిజాం కాలం నాటి తాలూకా కచేరి వస్తాయి. జనం ఏ నీళ్లు తాగారు, ఆ నీళ్లు వాళ్లను ఏం చేశాయి అన్న మాట మాత్రం ఆ వరసలోకి రాదు. అది రావాలి. ఈ పడమటి పాలమూరులో విత్తనం ఎప్పుడు వేయాలో వాన చెప్పేది. ఆ విత్తనం వేయడానికి రైతు కాలు కదులుతుందా లేదా అన్నది బావి చెప్పేది.

ఇంగ్లండులో చిన్న పట్టణాల చరిత్ర రాసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. 1872 నాటి చట్టంతో అక్కడ ఊరూరా ఒక ఆరోగ్యాధికారిని పెట్టుకోవడం తప్పనిసరి అయింది. ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఏ వీధిలో మోరీ లేదు, ఎక్కడ క్షయ పాకింది అని ఆ అధికారి ఏటా నివేదిక రాసేవాడు. 1919లో ఆరోగ్యానికి ప్రత్యేక మంత్రిత్వశాఖ కూడా వచ్చింది. ఆ నివేదికలు ముందు పెట్టుకుంటే రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఒక్కో వీధి ఎలా బాగుపడిందో ఏడాది వెంట ఏడాది చదువుకోవచ్చు. హైదరాబాద్ రాజ్యంలో లెక్కలు రాజ్యం మొత్తానికి వేసేవారు, మహా అయితే జిల్లాకు. మక్తల్ లాంటి ఊరి సంగతి ఆ లెక్కల వెనక నుంచి ఊహించుకోవలసిందే.

ఆ పెద్ద లెక్క చాలు గుండె ఆగడానికి. 1911 జనగణనలో హైదరాబాద్ రాజ్య జనాభా 1,33,74,676. 1921లో 1,24,71,770. పదేళ్లలో పెరగవలసిన జనం 9 లక్షలు తగ్గారు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దానికి ముందూ వెనకా ప్లేగు, గత్తర వచ్చాయి. వాటి మీద కరువు. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు రైలు పట్టాల వెంట దక్కన్‌లోకి దిగింది. మక్తల్‌కు దగ్గరలోనే కృష్ణ స్టేషన్, ఆ తర్వాత రాయచూరు ఉన్నాయి. 1871 నుంచీ బొంబాయి, మద్రాసు రైళ్లు కలిసేది ఆ రాయచూరులోనే. అంటే రోగం నడిచివచ్చే బాట ఈ సీమకు చాలా దగ్గర. ఇళ్లలో ఎలుకలు రాలిపడితే జనం ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. గత్తరకు ఆ ఉపాయం కూడా పనికిరాదు. పొలానికి పోయినా తాగేది అవే నీళ్లు.

ఇదే కాలంలో రాజధానిలో గొప్ప పనులు జరిగాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలమందిని మింగాక నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వేసిన బాటలోనే 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. నగరానికి వరద భయం తగ్గింది, నల్లా నీళ్లు వచ్చాయి, భూమి కింద మోరీలు పడ్డాయి. 1912లో పెట్టిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను విడగొట్టి గాలీ వెలుతురూ పారే ఇళ్లు కట్టించింది. అంటురోగులకు వేరుగా పెట్టిన ఆస్పత్రిని జనం కోరంటి దవాఖాన అన్నారు. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కానీ ఆ ఖజానాకు శిస్తు కట్టినవి తాలూకాల పల్లెలు. వాటికి నల్లా రావడానికి మరో రెండు తరాలు పట్టింది.

పల్లెకు ఉన్నది దిగుడు బావి.

పాలమూరులో దిగుడు బావి చూడనివాళ్లు ఉండరు. రాతి మెట్లు, ఎండాకాలం వచ్చేకొద్దీ ఒక్కో మెట్టూ కిందికి దిగిపోయే నీళ్లు. ఆడవాళ్లు నడుముకో కడవ, చేతిలో చెంబుతో దిగి, చివరి మెట్టు మీద మోకాలి లోతులో నిలబడి, పైన తేలే పాచిని అరచేత్తో పక్కకు తోసి కడవ ముంచేవారు. కాళ్లు కడుక్కునేదీ ముఖం కడుక్కునేదీ అక్కడే. తాగే నీళ్లూ అవే. చైత్ర వైశాఖాల్లో బావి అడుగున మిగిలిన ఆ కాసిన్ని నీళ్లలోనే ఈ ప్రాంతపు అసలు శత్రువు కాపురం ఉండేది. దాని పేరు నారికురుపు.

అది తెల్లని దారంలాంటి పురుగు. రెండు మూడు అడుగుల పొడవు పెరుగుతుంది. నీళ్లతో కడుపులోకి పోయి, ఏడాది పాటు ఒంట్లో తిరిగి, చివరికి ఎక్కువగా కాలిలోనే బొబ్బ లేపి బయటికి వస్తుంది. మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు. పెట్టగానే ఉపశమనం కలుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే పురుగు వేల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు మింగుతుంది. ఆ నలుసు కడవలో పడుతుంది, కడవ ఇంటికి పోతుంది. ఇలా ఒకరి కాలి నుంచి ఊరందరి కడుపులోకి పోయే దారిని మెట్లు తెరిచి ఉంచాయి.

దీనికి టీకా లేదు, మందు లేదు, అప్పుడూ ఇప్పుడూ. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. చేయగలిగింది ఒక్కటే. కురుపు మీద నీళ్లు ధారగా పోసి, పురుగు తల బయటికి రాగానే దాన్ని సన్నని పుల్లకు చుట్టేవారు. రోజుకు అంగుళమో రెండంగుళాలో, వచ్చినంత వరకే లాగి, పుల్లను అలాగే కాలికి కట్టి గుడ్డ చుట్టేవారు. మరునాడు మళ్లీ. ఇలా వారాలకు వారాలు గడిచేవి. తొందరపడి లాగితే పురుగు లోపలే తెగుతుంది. కాలు వాచి చీము పట్టి, కీలు బిగుసుకుపోయి, కొందరు జీవితాంతం కుంటివాళ్లయ్యారు. ప్రాణం తీసే రోగం కాదని దీన్ని తేలిగ్గా చూసినవాళ్లు ఆ నొప్పిని ఎరగరు.

అంతకన్నా క్రూరమైనది దీని కాలం. వేసవిలో అడుగంటిన నీళ్లు తాగినవాళ్లకు పురుగు బయటికొచ్చేది మరుసటి వేసవిలో, తొలకరి ముందు. నాగలి కట్టవలసిన నెలలో మగవాడు, కలుపుకు పోవలసిన నెలలో ఆడది మంచాన పడేవారు. ఏరువాక తప్పితే ఏడాది తప్పినట్టే. అప్పు, వడ్డీ, వెట్టి అన్నీ ఆ కాలి కురుపు వెనకే వచ్చేవి. పాలమూరు పేదరికానికి వాన లేమిని, భూస్వాములను కారణంగా చెబుతారు. అందులో అబద్ధం లేదు. ఆ జాబితాలో నారికురుపును కూడా రాయాలి.

తెలియక జరిగిన అన్యాయమా అంటే అదీ కాదు. ఈ పురుగు సైక్లాప్స్ ద్వారా వ్యాపిస్తుందని రష్యన్ శాస్త్రవేత్త ఫెద్‌చెంకో 1870లోనే కనిపెట్టాడు. రెండు యుద్ధాల నడుమ మన పక్కనే, మైసూరు రాజ్యపు చిత్రదుర్గ జిల్లాలో, మూర్తి అనే వైద్యుడు, ఆయన సహచరుడు స్వీట్ దిగుడు బావుల్లోకి దిగి పరిశోధించారు. సైక్లాప్స్‌ను తినే చిన్న చేపలను బావుల్లో వదిలి చూశారు. ఆ ఫలితాలు 1936లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో అచ్చయ్యాయి. మక్తల్ నుంచి చిత్రదుర్గ మరీ దూరదేశమేమీ కాదు. అదే నేల, అవే మెట్లు, అదే కురుపు.

నిజాం సర్కారు కూడా బావుల తవ్వకానికి ఒక శాఖను పెట్టింది. కరువు జిల్లాల్లో చేదబావులు తవ్వించింది. ఆలోచన సరైనదే. దిగుడు బావి మెట్లు మూసేసి, చుట్టూ ఒర కట్టి, గిలక బిగిస్తే చాలు. నారి ఉన్న కాలు నీటిని తాకే వీలుండదు. పురుగు వంశం అక్కడితో ఆగిపోతుంది. ఖర్చు చూస్తే కాస్త రాయి, సున్నం, మోకు. కానీ పల్లెల సంఖ్య ముందు ఆ పని ఏ మూలకూ చాలలేదు.

ఇంకో అడ్డు ఉండేది. దాని పేరు కులం. ఒర కట్టిన మంచి బావి ఊరి నడుమ ఉండేది, మాల మాదిగలకు ఆ గిలక ముట్టుకునే హక్కు లేదు. వాళ్లకు మిగిలింది వాగు చెలమ, కుంట, ఊరి బయటి పాత బావి. మోరీలు తీసి, చచ్చిన గొడ్లను మోసి, ఊరిని శుభ్రంగా ఉంచినవాళ్లకే శుభ్రమైన నీళ్లు అందలేదు. ఈ సంగతి వదిలేసి ఏ ఊరి ఆరోగ్య చరిత్ర రాసినా అది సగమే. పని వెతుక్కుంటూ ఆనకట్టల దగ్గరికి, రోడ్ల పనులకు పోయిన పాలమూరు కూలీలకు అక్కడ దొరికిన నీళ్లూ గుంతల నీళ్లే. రోగం వాళ్ల కాళ్లతోపాటు ఊళ్లు తిరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల తరబడి నారికురుపు ఉండనే ఉంది. 1981 నుంచి 1990 దాకా ఐక్యరాజ్యసమితి తాగునీటి దశాబ్దంగా ప్రకటించింది. ఆ ఊపులోనే భారత ప్రభుత్వం నారికురుపు నిర్మూలన కార్యక్రమం చేపట్టింది. 1984 నాటికి దేశంలో ఏడు రాష్ట్రాల్లో దాదాపు 40 వేల మంది రోగులు లెక్కకు వచ్చారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇంటింటికీ తిరిగి రోగులను వెతికారు. నీళ్లు గుడ్డతో వడగట్టి తాగమన్నారు, బావుల్లో సైక్లాప్స్‌ను చంపే మందు కలిపారు, దిగుడు బావులను చేదబావులుగా మార్చారు. అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది బోరింగు. చేత్తో కొట్టే ఆ ఇనుప పంపు దగ్గర కాలు నీళ్లలో పెట్టే ప్రశ్నే లేదు. దేశంలో చివరి రోగి 1996 జులైలో రాజస్థాన్‌లో కనిపించారు. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 1980ల నడిమి కాలంలో ప్రపంచం మొత్తం మీద ఏటా లక్షల మందిని పట్టిన ఈ రోగం ఇప్పుడు ఏడాదికి పదుల సంఖ్యలోకి పడిపోయింది. మందు లేని రోగాన్ని కేవలం నీళ్ల దారి మార్చి ఓడించిన గెలుపు ఇది. మన దగ్గర దీన్ని ఎవరూ పండగ చేసుకోలేదు.

బోరింగు ఒక రోగాన్ని తీసుకుపోయింది గానీ, భూమి లోపల మరో చిక్కు కాచుకుని ఉంది. తెలంగాణ దక్షిణ మెట్టలోని రాతి పొరల్లో ఫ్లోరైడ్ ఉంది. నీరు ఎంతకాలం ఆ రాయిని అంటిపెట్టుకుని ఉంటే అంతగా దాన్ని కరిగించుకుంటుంది. ఇది బోర్లతో పుట్టిన బాధ కాదు. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే రోగం) గురించి 1937లోనే రాశారు. నల్లగొండ రోగుల గురించి డావర్ అనే వైద్యుడు 1945లో రాశాడు. చేదబావుల కాలంలోనే నల్లగొండలో వెన్నులు వంగాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ బాధ ఇంకా ఎన్నో ఊళ్లకు పాకింది. పళ్ల మీద గోధుమరంగు చారలు, బిగుసుకుపోయే మెడ, లేచి నిలబడలేని నడుము కనిపించసాగాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరే పెట్టారు. ఒక జిల్లా పేరు అలా ప్రపంచపు పుస్తకాల్లోకి ఎక్కడం ఆ జిల్లా కోరుకున్న గౌరవమేమీ కాదు.

ఇప్పుడు మక్తల్ చుట్టూ నీళ్లకు కొత్త చిరునామాలు ఉన్నాయి. జూరాల ఆనకట్ట వెనక నీళ్లను పంచదేవ్‌పహాడ్ దగ్గర ఎత్తిపోసే భీమా పథకం వచ్చింది. ఆ నీళ్లతో సంగంబండ, భూత్‌పూర్ జలాశయాలు నిండుతున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపు నీళ్లను ఇళ్లలోకి తెచ్చింది. 2018లో మక్తల్ మున్సిపాలిటీ అయింది. ఇంటి నల్లా తిప్పే పిల్లకు నారికురుపు అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ రాకూడదు. అయితే పాత బావులు చెత్తకుండీలవుతున్నాయి. పైపు నీళ్లు రాని రోజున జనం మళ్లీ పరీక్ష చేయించని బోరు దగ్గరికే పోతారు. మున్సిపాలిటీ ఊళ్లోని ప్రతి బోరు నీటినీ పరీక్ష చేయించి, ఫలితాన్ని ఆ బోరు పక్కనే గోడ మీద రాయించాలి. ఇంగ్లండు పట్టణపు ఆరోగ్యాధికారి వందేళ్ల కిందట చేసిన పని ఇంతకన్నా పెద్దదేమీ కాదు.

ఇంకో పని చదువరులది. ఈ సీమలో అరవై దాటినవాళ్ల కాళ్లు చూడండి. చీలమండ దగ్గరో పిక్క మీదో ముడత పడ్డ పాత మచ్చలు కొందరికి ఉంటాయి. ఏ బావి నీళ్లు తాగారో, ఏ ఏడాది మంచాన పడ్డారో, ఆ ఏడు చేను ఎవరు దున్నారో, ఊరి గిలక ముట్టుకోనిచ్చారో లేదో వాళ్లను అడగండి. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసిపెట్టండి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక పాత సంచికలు దొరికితే వాటిలో ఊళ్ల కబుర్లు వెతకండి. పూడ్చేసిన దిగుడు బావులు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తులు వేయండి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.