కారణం చెప్పని కిటికీ

కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఉన్న ఆవనికి జనం గుడుల కోసం వస్తారు. నొళంబ రాజుల కాలం నాటి రామలింగేశ్వరాలయ సముదాయంలో రాముడి పేరుతోనూ, ముగ్గురు తమ్ముళ్ల పేర్లతోనూ వరసగా శివాలయాలున్నాయి. పక్కనున్న కొండ మీద సీతమ్మకు విడిగా ఒక గుడి ఉంది. అడవికి పంపేసిన సీత వాల్మీకి ఆశ్రమంలో తలదాచుకున్నదీ, లవకుశులు పుట్టినదీ ఇక్కడేనని ఊరివాళ్ల నమ్మకం. శివరాత్రికి ఇక్కడ జరిగే పశువుల జాతర చుట్టుపక్కల జిల్లాల్లో పేరుమోసింది. స్వాతంత్ర్యానికి ముందు ఆవని మైసూరు సంస్థానంలో ఉండేది. తూర్పుగా కొంత దూరం పోతే చిత్తూరు జిల్లా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. పాలకులు వేరైనా రెండు వైపులా తెలుగు మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు. ఎడ్లజత కోసం, మొక్కు కోసం ఆ సరిహద్దు దాటిన రైతును ‘మళ్లీ మీ ఊరు వెళ్లిపోతావని రుజువేమిటి?’ అని అడిగే కచేరీ ఏదీ దారిలో ఉండేది కాదు.

ఇప్పుడు ఈ తాలూకాల పిల్లలు బెంగళూరులో చదువుకుని, అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉద్యోగాల్లో చేరాక, మనవణ్ణి చూడటానికి బయల్దేరే తల్లిదండ్రులకు ఎదురయ్యేది సరిగ్గా ఆ ప్రశ్నే. జవాబు నచ్చకపోతే వీసా రాదు. ఎందుకు నచ్చలేదో చాలాసార్లు తెలియదు. ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో, అడిగేవాళ్లకు ఆ అధికారం ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి కోలారు జిల్లా మంచి చోటు. ఎందుకంటే మనిషి కదలికల మీద కాగితం పెత్తనం ఎలా మొదలైందో ఈ జిల్లా దగ్గరి నుంచి చూసింది.

కోలారు బంగారు గనుల్లోకి లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో అడుగుపెట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు కూలికి వచ్చారు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనిలో ఆరితేరినవాళ్లు వచ్చారు. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, గనుల దాకా రైలు పడింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. బంగారం దొంగతనాలంటే కంపెనీలకు భయం. కూలీ ఎవరు, ఏ ఊరివాడు, ఏ గనిలో మానేసి ఏ గనికి వచ్చాడు అన్నది ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలని వాళ్ల పట్టుదల. ఆ పట్టుదల పెరిగి పెరిగి 1930లో కార్మికులందరూ వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలన్న నిబంధన దాకా వెళ్లింది.

గనులు ఆగిపోయాయి. వేల మంది కార్మికులు పని మానేసి, వేలిముద్ర ఇవ్వమని తెగేసి చెప్పారు. కూలిరేట్ల కోసం, పనిగంటల కోసం సమ్మెలు జరగడం అందరికీ తెలిసిందే. ముద్ర వేయబోమని గనులు మూతబడేలా చేసిన ఈ సమ్మె మాత్రం ప్రత్యేకమైనది. దీన్ని తెలుగువాళ్లు తగినంతగా గుర్తుపెట్టుకోలేదు. వేలిముద్రల కోసం ప్రత్యేకంగా ఒక కార్యాలయం 1897లో కలకత్తాలో మొదలైంది పోలీసుల అవసరానికే. ముద్ర అడగడమంటే మనిషిని అనుమానించడమేనని ఆనాటి కూలీకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ సమ్మెకు ఇరవై ఏళ్ల పైచిలుకు ముందే దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో భారతీయుల వేలిముద్రలు తీసుకునే చట్టం మీద గాంధీ పోరాటం మొదలుపెట్టారు. ఆ సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినవాళ్లలో దక్షిణాది కూలీ కుటుంబాల వాళ్లు ఎందరో.

ఈరోజు చాలా పెద్ద దేశాలకు వీసా అడిగితే ముందు వేళ్లు గాజుపలక మీద పెట్టాలి. అమెరికాకు పది వేళ్లూ కావాలి. యూరప్ షెంగెన్ దేశాలు భారత్‌లో దరఖాస్తుదారుల వేలిముద్రలు తీసుకోవడం 2015 నవంబరులో మొదలుపెట్టాయి. పట్టుగూళ్లను సలసల కాగే నీళ్లలో వేసి దారం తీసే చేతులకు, రాయి కొట్టిన చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒకసారి చదవదు, రెండోసారి చదవదు. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. పట్టుకు పేరుపడ్డ కోలారు జిల్లా నుంచి వచ్చే పెద్దవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, రేషన్ దుకాణంలో ఆధార్ యంత్రం ముందు అలవాటైనదే.

గనుల ఊరికి వీసా బెంగ 1947 తర్వాత మరో రూపంలో వచ్చింది. కేజీఎఫ్ అని పిలిచే కోలారు బంగారు గనుల ఊళ్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బాగానే ఉండేవి. క్లబ్బులు, చర్చిలు, పెంకుటిళ్ల బంగళాలతో ఆ ఊరిని ‘లిటిల్ ఇంగ్లండ్’ అనేవాళ్లు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయాక వీళ్లలో చాలామంది ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్దామనుకున్నారు. బ్రిటిష్ పౌరసత్వం కావాలంటే తాతో ముత్తాతో అక్కడివాడని రుజువు చూపాలి. దాంతో బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు వెతుక్కునే పని పడింది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లకే చోటన్న విధానం నడుస్తున్న రోజులవి. వంశంలో యూరోపియన్ రక్తం పాలెంతో లెక్క చూసేవాళ్లు. ఒంటి రంగును బట్టి కూడా నిర్ణయాలు మారేవి. ఆ విధానం 1966లో సడలి, 1973లో పూర్తిగా పోయింది.

అయితే కాదనడం పరాయి దేశాల పనే అనుకుంటే పొరపాటు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడికి వచ్చిన పాస్‌పోర్టు, 1967 వరకు ప్రభుత్వం ఇష్టమైతే ఇచ్చే కాగితమే. దాని వెనక హక్కు లేదు, చట్టంలో దానికి పద్ధతీ లేదు. 1950లలో బ్రిటన్‌కు పోదామన్న పేదలకు, పెద్దగా చదువులేనివాళ్లకు మన అధికారులే పాస్‌పోర్టులు నిరాకరించారు. విదేశాల్లో దేశం పరువు నిలబెట్టేవాళ్లే వెళ్లాలన్న ఆలోచన దీని వెనక ఉంది. వెట్టి ఒప్పందాల మీద మారిషస్‌కు, నేటాల్‌కు వెళ్లిన కూలీల జ్ఞాపకం స్వతంత్ర భారత అధికారులకు సిగ్గుగా అనిపించడం ఆ కూలీల సంతానానికి చేసిన అన్యాయమే. పదో తరగతి పాసవని కూలీ గల్ఫ్‌కు పోవాలంటే ప్రత్యేక అనుమతి అడిగే ‘ఈసీఆర్’ పాస్‌పోర్టు ఈ చూపుకు కొనసాగింపే.

పాస్‌పోర్టు ప్రభుత్వం ఇష్టమన్న పద్ధతిని మార్చిన తీర్పు రాసింది తెలుగువాడు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వాహన విడిభాగాల వ్యాపారిని 1966లో పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1967 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురి తరఫున ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తీర్పు చెప్పారు. ఆయనది రాజమండ్రి. విదేశానికి వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం ఏర్పరచిన పద్ధతి లేకుండా దాన్ని అడ్డుకోరాదని, ఒకరికి ఇచ్చి ఒకరికి కాదనడం అధికారి ఇష్టానికి వదిలేయడం సమానత్వానికి విరుద్ధమని తేల్చారు. మరునాడే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగారు. ఆ ఎన్నికలో ఓడిపోయారు, కానీ తీర్పు నిలిచింది. ప్రభుత్వం హడావుడిగా జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణం క్లుప్తంగా రాసిపెట్టాలి, అడిగితే దాని నకలు ఇవ్వాలి, పై అధికారికి అప్పీలు చేసుకునే వీలుండాలి. దేశ భద్రత వంటి కొన్ని సందర్భాల్లోనే నకలు ఇవ్వకుండా ఉండొచ్చు. కారణం, నకలు, అప్పీలు, ఈ మూడూ చట్టంలోకి అలా వచ్చాయి.

ఆవని నుంచి బయటికి వెళ్లాలనుకునే మనిషికి ఇంటి గడప ఆ విధంగా తెరుచుకుంది. అవతలి గడప సంగతి వేరు.

అమెరికా 1917లో ఆసియాలో చాలా భాగాన్ని నిషేధ ప్రాంతంగా ప్రకటించింది. భారత్ అందులో ఉంది. అయినా విద్యార్థులకు, వ్యాపారులకు, సరదా ప్రయాణం చేసేవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. కూలికి వచ్చేవాడికి తలుపు మూసి, డబ్బుండి చూసిపోయేవాడికి తీసిపెట్టిందన్నమాట. 1924 చట్టం రుజువు భారమంతా వచ్చేవాడి మీదే మోపింది. 1952లో ట్రూమన్ వీటోను కూడా తోసిపుచ్చి తెచ్చిన మెక్‌కారన్–వాల్టర్ చట్టంలో 214(బి) సెక్షన్ పుట్టింది. ‘టూ ఫోర్టీన్ బీ పడింది’ అని ఇప్పుడు మన ఇళ్లలో చెప్పుకునేది దీని గురించే. దాని సారం ఇది: తాత్కాలికంగా వస్తున్నానని అధికారిని నమ్మించేదాకా, ప్రతి విదేశీయుడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని అనుకోవాలి. నేరం మోపబడిన వాడిక్కూడా రుజువయ్యేదాకా నిర్దోషి అన్న భావన వర్తిస్తుంది. మనవరాలి తొట్టెల చూడబోయే అవ్వకు వర్తించదు.

కోలారు జిల్లావాళ్లు ఈ వీసా కోసం చాలా కాలం చెన్నై అన్నాసాలైలోని కాన్సులేట్‌కు పోవలసివచ్చింది. హైదరాబాదులో కాన్సులేట్ 2008లో పైగా ప్యాలెస్‌లో తెరిచి, 2009లో వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా ఆంధ్ర జిల్లాలవాళ్లదీ అదే దారి. బెంగళూరులో 2025 జనవరిలో కాన్సులేట్ ప్రారంభించినప్పుడు అక్కడ వీసాల పని పెట్టలేదు. హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీ ‘వీసా బాలాజీ’ అయింది ఈ అనిశ్చితి నుంచే. మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు అక్కడి ఆనవాయితీ.

కాన్సులేట్‌కు వెళ్లే ముందురోజు ఇంట్లో జరిగే తంతు చూడాలి. భూమి ఉందని చూపించడానికి పహణీ తీసుకుంటారు. కర్ణాటక ‘భూమి’ పథకం కింద 2000 సంవత్సరం ప్రాంతంలో పహణీలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. సర్వే నంబరు, ఎకరాలు గుంటలు, ఖాతాదారు పేరు, పెట్టిన పంట, అన్నీ కన్నడంలో ఒకే పేజీలో ఉంటాయి. అందులో పేరుతో పాటు తండ్రి పేరుంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఆధార్‌లో ఇంగ్లిషు స్పెల్లింగ్ మరొకటి. కొడుకు వీడియో కాల్‌లో ‘నాయనా, అడిగినదానికే చెప్పు, ఎక్కువ చెప్పొద్దు’ అని పదిసార్లు చెబుతాడు. తీరా కిటికీ దగ్గర సంభాషణ రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. పహణీని చాలాసార్లు చూడనే చూడరు. 185 డాలర్ల రుసుం తిరిగిరాదు. చేతికి వచ్చే అచ్చు కాగితంలో సెక్షన్ సంఖ్య ఉంటుంది, ఆ మనిషి విషయంలో ఏది లోటైందో ఉండదు.

దీని మీద అప్పీలు లేదు. 1950లో ఎల్లెన్ నాఫ్ కేసు నుంచి 2024 జూన్‌లో మునోజ్ కేసు దాకా అమెరికా సుప్రీంకోర్టు మాట ఒకటే: లోపలికి రానివ్వకపోవడం ప్రభుత్వ అధికారం, మామూలుగా కోర్టులు అందులో తలదూర్చవు. నాఫ్ అమెరికా మాజీ సైనికుణ్ణి పెళ్లాడిన యూరోపియన్ యువతి. మునోజ్ అమెరికా పౌరురాలు, భర్తకు వీసా ఇవ్వలేదని కోర్టుకెక్కింది. భార్యాభర్తల విషయంలోనే ఇలా ఉంటే, మనవలను చూడబోయే పర్యాటక వీసాకు కోర్టు తలుపు తెరుచుకుంటుందని ఆశించలేం.

అలాగని 214(బి) శాశ్వతమైన ముద్ర ఏమీ కాదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవడానికి గడువంటూ లేదు. కానీ పరిస్థితిలో మార్పేమీ లేకుండా వారంలోపే మళ్లీ వెళ్తే జవాబూ మారదు. ఇంటి దగ్గర చేను, ఆవులు చూసుకునేది ఎవరో అడిగితే చెప్పగలగాలి. ప్రయాణం ఎన్నాళ్లు, ఖర్చు ఎవరిది అన్నవి దరఖాస్తు ఫారంలోనే సూటిగా కనిపించాలి. అధికారి ముందుగా చదివేది ఆ ఫారాన్నే. పాత నిరాకరణను దాచకూడదు. ఏజెంటు మాట విని లేని బ్యాంకు నిల్వ చూపిస్తే, అమెరికా చట్టంలో అది మోసం కిందికి వచ్చి శాశ్వత నిషేధం దాకా పోతుంది. బ్రిటన్‌లో పదేళ్ల నిషేధం పడవచ్చు. నిజం చెప్పి కాదనిపించుకున్నవాడికి రెండో అవకాశం ఉంటుంది, అబద్ధం చెప్పి దొరికినవాడికి అదీ పోతుంది.

బ్రిటన్‌లో వ్యవహారం ముందుకూ వెనక్కూ నడిచింది. సందర్శకుల అప్పీలు హక్కును 1993లో తీసేశారు. బంధువులను చూడటానికి వచ్చేవాళ్లకు 2000లో తిరిగి ఇచ్చారు. 2013 జూన్‌లో మళ్లీ తీసేశారు. ఆ పదమూడేళ్లలో అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్ల తల్లిదండ్రుల వంటివాళ్లు ట్రిబ్యునల్ ముందు తమ మాట చెప్పుకోగలిగారు. ఇప్పుడు మామూలు సందర్శకుడికి కారణాలతో ఉత్తరం వస్తుంది, సవాలు చేయాలంటే హైకోర్టు స్థాయిలో ఖరీదైన సమీక్షే మిగిలింది. కెనడాలో అధికారి కంప్యూటర్‌లో రాసుకున్న నోట్స్‌ను సమాచార చట్టం కింద తెప్పించుకోవచ్చు. విదేశం నుంచి ఇచ్చిన నిర్ణయమైతే అరవై రోజుల్లో ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు.

అన్నిటికంటే మేలైన దారి యూరప్‌ది. షెంగెన్ వీసా నిరాకరిస్తే 2011 ఏప్రిల్ నుంచి నిర్ణీత ఫారంలో కారణం టిక్ పెట్టి చూపించి, అప్పీలు ఎలా చేసుకోవాలో చెప్పి తీరాలి. పోలండ్ ఒక మొరాకో పౌరుడికి వీసా ఇవ్వలేదు. భార్యాబిడ్డల దగ్గరికి వెళ్లడానికి వీసా అడిగిన ఎల్ హసాని అనే అతని కేసులో, అప్పీలు ఏదో ఒక దశలో తప్పకుండా కోర్టు ముందుకు రావాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2017 డిసెంబరులో చెప్పింది. రాజమండ్రి న్యాయమూర్తి యాభై ఏళ్ల ముందు పాస్‌పోర్టు గురించి అన్నదానికి ఇది చాలా దగ్గరగా ఉంది. అందుకే షెంగెన్ ఫారం అందుకున్న కుటుంబం మొదట చూడవలసింది టిక్ ఏ గడిలో పడిందో, అప్పీలు గడువు ఎన్ని రోజులో. ఆ గడువు దేశాన్ని బట్టి మారుతుంది, అది దాటిపోతే మళ్లీ రుసుం కట్టి మొదటి నుంచి రావాల్సిందే.