జీపు బెల్ క్రాంక్ కథ

పాత జీపుకి ముందు ఇరుసు మీద స్టీరింగ్ భాగాలు మారిస్తే దాని చరిత్రను చెరిపేసినట్టేనని పాత బండ్ల ప్రేమికులు కొందరు వాదిస్తారు. ఆ చరిత్రలోకే కాస్త లోతుగా వెళ్తే ఈ వాదం నిలవదు. 1941లో సైన్యం చేతికొచ్చిన విల్లీస్ ఎంబీలో స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి ఎడమవైపున ఉండేది. అక్కడి నుంచి డ్రాగ్ లింక్ ముందుకు వెళ్లి, ఇరుసు మధ్యలో ఉన్న బెల్ క్రాంక్‌ను తిప్పేది. దాని నుంచి రెండు టై రాడ్లు చెరో చక్రానికీ అందేవి. ఈ అమరికలో తెలివి లేకపోలేదు. రాడ్లు రెండూ ఇరుసుతో పాటే లేచి దిగుతాయి కాబట్టి, గతుకుల్లో కమాన్లు ఊగినా చక్రాల పొందిక చెదరదు. కాకపోతే చేతికీ చక్రానికీ మధ్య కీళ్లు ఎక్కువ. ఒక్కో కీలు వెంట్రుకవాసి అరిగినా చాలు, అన్నీ కలిసి స్టీరింగ్‌లో బెత్తెడు ప్లే తెచ్చిపెడతాయి.

అసలు దిద్దుబాట్లు మొదలుపెట్టింది ఔత్సాహికులు కారు. బ్రేక్ వేసినప్పుడు బండి ఒకవైపుకి లాగుతోందని, యుద్ధం సాగుతుండగానే ఎడమ ముందు కమాను కింద అదనంగా ఒక స్ప్రింగ్ బిగించారు. ఫ్యాక్టరీ నుంచి ఏ మార్పూ లేకుండా వచ్చిన ‘అసలు జీపు’ కోసం వెతికేవాళ్లు ముందు దీనికి సమాధానం చెప్పాలి. ఇంకా పెద్ద సాక్ష్యం 1972 నాటిది. అప్పటికి అమెరికన్ మోటార్స్ చేతిలో ఉన్న పౌర జీపు సీజే-5లో బెల్ క్రాంక్‌ను పూర్తిగా వదిలేశారు. సాగినా కంపెనీ చేసిన రీసర్క్యులేటింగ్ బాల్ రకం స్టీరింగ్ బాక్స్‌నూ, బాల్ జాయింట్లున్న డానా 30 ఇరుసునూ తెచ్చారు. అంతకుముందున్న రాస్ కంపెనీ బాక్స్‌లో లోహం లోహం మీద జారుతూ అరిగేది. కొత్తదానిలో ఉక్కు గుళ్లు దొర్లుతాయి. పొడవైన ఆరు సిలిండర్ల ఇంజన్ పట్టడానికే ఆ ఏడాది బండి ముందు భాగాన్ని సాగదీశారు, అందులో స్టీరింగ్ లోపం ప్రసక్తే లేదని ఎవరైనా అనవచ్చు. ఇంజన్ కారణమన్నది నిజమే. కానీ బండి బరువూ వేగమూ పెరిగినప్పుడు, పాత అమరికను అలాగే మోసుకెళ్లాలని తయారీదారుకే అనిపించలేదు.

మన దేశంలో ఈ కథ ఇంకో దారిలో నడిచింది. 1947లో మహీంద్రా విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. అమెరికాలో 1968లో ఆగిపోయిన సీజే-3బీ పోలికలు ఇక్కడి బండ్లలో దశాబ్దాల పాటు కొనసాగాయి. దాంతో కొత్త డిజైన్ చేయాల్సిన పని చాలావరకు షెడ్డు మెకానిక్ నెత్తిన పడింది.

కింగ్ పిన్ బేరింగులు, బెల్ క్రాంక్ బుష్, టై రాడ్ ఎండ్లు వేళకు మారిస్తే పాత స్టీరింగే చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 6.00-16 సన్న టైర్లతో, నెమ్మదిగా నడిచే బండికి బహుశా చాలు. వెడల్పు టైర్లూ, బయటికి జరిగిన రిమ్ములూ వేశాక లెక్క మారుతుంది. టైరు నేలను తాకే చోటు చక్రం తిరిగే ఇరుసు రేఖకు దూరంగా జరుగుతుంది, ప్రతి రాయి దెబ్బా మరింత బలంగా రాడ్ల మీద పడుతుంది. అయితే బాక్స్ ఒక్కటే మార్చేస్తే పని అయిపోయిందనుకోవడం కూడా పొరపాటే. కమాన్లు ఎత్తుచేస్తే డ్రాగ్ లింక్ ఏటవాలుగా నిలుస్తుంది. అప్పుడు గుంతలో పడిన ప్రతిసారీ బండి తనంతట తానే పక్కకు తిరుగుతుంది. ఇక పవర్ స్టీరింగ్ చేతి శ్రమ తగ్గిస్తుంది గానీ, రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పే బలమంతా బాక్స్ బిగించిన ఛాసిస్ మీదే పడుతుంది. పాత సీజేల్లో సరిగ్గా అక్కడే పగుళ్లు కనిపిస్తాయి.