తల్లి స్థూలకాయం, ఆహారం: బిడ్డ జీవక్రియపై ప్రభావం

గర్భధారణకు ముందు, గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి బరువు, తిండి బిడ్డ శరీరం చక్కెరను, కొవ్వును వాడుకునే తీరును కొంతవరకు నిర్ణయిస్తాయి. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ గుండా శిశువుకు చేరుతుంది. ఆమె ఇన్సులిన్ మాత్రం దాదాపు చేరదు. తల్లికి చక్కెర పెరిగితే శిశువు క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది, కొవ్వు పేరుకుంటుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ ఇచ్చిన ఈ వివరణ నేటికీ మూలాధారమే.

ఇందులో వంశపారంపర్యం వాటా ఎంత? ఒకే తల్లి బిడ్డలను పోల్చడం దీనికి మేలైన దారి. కెనడాలోని క్విబెక్‌లో తల్లికి బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగాక పుట్టిన పిల్లల్లో, అంతకుముందు పుట్టిన తోబుట్టువుల కంటే స్థూలకాయం తక్కువగా కనిపించింది. అమెరికాలోని పీమా తెగలో తల్లికి మధుమేహం వచ్చాక పుట్టినవారికే ఆ జబ్బు ముప్పు ఎక్కువ. జన్యువులొక్కటే కారణమైతే ఈ తేడా రాకూడదు.

భారతదేశంలో లావు ఒక్కటే సమస్య కాదు. పుణె సమీప గ్రామాల్లో 1993లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మొదలుపెట్టిన అధ్యయనంలో సన్నటి తల్లుల బిడ్డలు బ్రిటన్ శిశువుల కంటే తేలికగా పుట్టినా, చర్మం కింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదు. తల్లికి విటమిన్ బి12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్నచోట పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ నిరోధకత హెచ్చుగా తేలింది. ‘ఇద్దరి తిండి తినాలి’ అని గర్భిణికి అన్నమే కొసరి వడ్డించే ఇళ్లలో పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూరల సంగతి ముందు చూడాలి.

గర్భం వచ్చాక ఆహారం మార్చిన ప్రయోగాల్లో తల్లి బరువు కాస్త అదుపులో ఉన్నా, పిల్లల్లో స్థూలకాయం స్పష్టంగా తగ్గలేదు. అందుకే పరిశోధకులు ఇప్పుడు గర్భధారణకు ముందు కాలంపై, ముఖ్యంగా కౌమార బాలికల పోషణపై దృష్టి పెడుతున్నారు.