అచ్చుల పెట్టె నుండి సిలికాను అర వరకు

బందరునకు పది పన్నెండు కిలోమీటర్ల దూరమున నున్న పెడనలో అద్దకపు శాలలోనికి అడుగిడినవారికి మొట్టమొదట వినవచ్చునది చప్పుడు. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిసి యారిన బట్టను బల్లపై పఱచి, టేకుచెక్కపై చెక్కిన అచ్చును రంగులో నద్ది, దానిని గుడ్డపై గుఱి చూచి నిలిపి, పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టుచు పనివాడు ముందునకు సాగును. గీతల కొక అచ్చు, లోపల నింపుటకు వేఱొక అచ్చు, రంగు రంగునకు మఱియొకటి. ఒక్క దుప్పటికే ఇన్ని కావలసియుండగా, తరతరములుగా ఒక శాలలో పోగుపడిన అచ్చు లెన్నియుండునో చదువరులే ఊహించుకొనవచ్చును.

ఆ అచ్చుల ముద్రలు నేడు కంప్యూటరులోనికి చిత్రములై చేరుచున్నవి. ఇటీవల మా వీధిలోని ఒక శాలలో, పదేండ్ల నాటి కంప్యూటరు ఒక్క చిత్రము తెఱచుటకే నిమిషములు పుచ్చుకొనుచుండగా, అందలి హార్డ్ డిస్కును మార్చి ఎస్‌ఎస్‌డి వేసి పెట్టుమని నన్ను కోరిరి. నేను మరలు విప్పుచుండగా, అరువదేండ్లు అచ్చుల నడుమనే గడపిన ఆ యింటి పెద్దాయన, అరచేయంతయైనను లేని ఆ క్రొత్త పలకను అటునిటు త్రిప్పి చూచి, “అచ్చు అరిగితే కంటికి కనపడుద్ది బాబూ. ఇది అరిగితే ఎట్టా తెలుసుద్ది?” అని యడిగెను. అప్పటికి తోచిన దేదియో చెప్పితిని గాని, ఆ సమాధానము నాకే తృప్తి నొసగలేదు. ఆ ప్రశ్నను వెంబడించి, రూపమును దాచుకొనుటకు మనుష్యుడు నమ్మిన వస్తువులు ఎట్లు మారుచు వచ్చినవో, ఏ వస్తువు ఏ విధముగా అరుగునో వెదకి చూచితిని.

అద్దకపు విద్యలో జ్ఞాపకము చెక్కయం దుండెను. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును బందరు రేవున దిగిన పిమ్మట, ఈ తీరమున కలముతో గీసినవియు అచ్చుతో అద్దినవియు నగు బట్టలు ఓడల నిండ ఐరోపాకు పోసాగెను. అచటి వర్తకులు తమకు వలసిన పువ్వును, తీగను, అంచును నమూనాగా ఇటకు పంపుచుండగా, ఇచటి పనివారు దానిని తమ చేతివాటమునకు అనువుగా మార్చుకొని బట్టపై దింపుచుండిరి. ఈ బట్టల పోటీకి తాళలేక 1686లో ఫ్రాన్సును, 1701లో కొంతయు 1721లో మఱింతయు ఇంగ్లండును నిషేధ శాసనములు చేసినవనిన, ఒక నమూనా ఎంతదూరము ప్రయాణము చేయగలదో తెలియుచున్నది. అచ్చు మాత్రము చిరకాలము నిలుచునది కాదు. వేలకొలది దెబ్బలు తినగా తినగా అంచులు మొద్దుబాఱి గీత లావెక్కును. మొగ్గకును ఆకునకును నడుమ నుండవలసిన తెల్లని సందు పూడిపోవును. అంతట పాత ముద్రను ముందిడుకొని క్రొత్త చెక్కపై మఱల చెక్కించెదరు. నేడు మనము తాతలనాటివని మురిసిపోవు పువ్వులలో అనేకము ఇట్లు పలుమాఱులు చచ్చి పుట్టినవే.

తాటియాకు గ్రంథముల కథయు నిట్టిదే. చెదలును చెమ్మయు ఆకును తినివేయకమునుపే లేఖకుడు క్రొత్త ఆకుపై ప్రతి వ్రాయుచుండెను; ఈ బందరులో కొంతకాలము కొలువు చేసిన సి.పి. బ్రౌను దొర తన సొంత సొమ్ముతో లేఖకులను పోషించి వ్రాయించిన ప్రతులు లేకున్నచో మన కావ్యములు కొన్ని మనకు దక్కెడివి కావు. పైగా ఇది సముద్రము పొంచియున్న సీమ. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకొని పోయినవి. ఒక్క ఇంట ఒక్క ప్రతిగా నున్న వస్తువును భద్రమనుటకు ఈ గడ్డపై పుట్టిన నాకు నోరు రాదు.

ఇక యంత్రముల యుగము. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన మొదటి హార్డ్ డిస్కు, రెండడుగుల వ్యాసము గల పళ్లెములు ఏబది ఒకదానిపై నొకటి గ్రుచ్చబడి, టన్నుకు మించిన బరువుతో ఒక బీరువా ప్రమాణమున నుండెను. అందు పట్టినవి ఏబది లక్షల అక్షరములు మాత్రమే. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానిని నింపివేయును. తరువాతి యర్ధశతాబ్దిలో పళ్లెములు చిన్నవై అరచేతిలో నిమిడినను మూలసూత్రము మారలేదు. పళ్లెము నిమిషమునకు అయిదువేల నాలుగువందల సార్లో, ఏడువేల రెండువందల సార్లో తిరుగుచుండగా, దానికి తాకీ తాకని యెత్తున సూదివంటి తల ఎగురుచు అయస్కాంతపు గుర్తులను చదువును. ఆ తల పళ్లెమును రాచినచో గీతపడును. అయినను ఈ డిస్కునకొక సుగుణము కలదు: పోవునపుడు తఱచుగా చెప్పి పోవును. మా పెద్దాయన కంప్యూటరులోని డిస్కు రెండు నెలలుగా టకటక మని శబ్దించుచునే యుండెను.

ఎస్‌ఎస్‌డిలో తిరుగునది, కదలునది ఏదియు లేదు. దానికి బీజము 1967లో పడినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దావోన్ కాంగ్, సైమన్ జీ అను నిరువురు శాస్త్రజ్ఞులు, చుట్టును ఆక్సైడు పొర కప్పిన సూక్ష్మమైన అరలోనికి ఎలక్ట్రానులను చొప్పించినచో విద్యుత్తు ఆగినను అవి అందే నిలిచియుండునని చూపిరి. జపానులో తోషిబా సంస్థయందు పనిచేయుచుండిన ఫుజియో మసువోకా 1984లో, ఇట్టి అరలను గుంపుగా ఒక్కమాఱు చెరిపివేయు పద్ధతిని లోకమునకు వెల్లడించెను. ఆ చెరుపు కెమెరా మెఱుపువలె నున్నదని సహోద్యోగి యొకరు పలుకగా దానికి ఫ్లాష్ అను పేరు స్థిరపడినది. 1987లో నాండ్ అను చౌకరకము వచ్చెను. ఎలీ హరారీ, జాక్ యువాన్, కాన్పూరులో జన్మించిన సంజయ్ మెహ్రోత్రా 1988లో నెలకొల్పిన సంస్థ, తరువాత శాన్‌డిస్క్‌గా పేరొందినది, 1991లో ఇరువది మెగాబైట్ల ఎస్‌ఎస్‌డిని ఐబీఎంకు అందించెను. వెల వేయి డాలర్లు. ఆ మెహ్రోత్రాయే నేడు మైక్రాన్ సంస్థ కధిపతి. ఆ సంస్థ 2019లో హైదరాబాదులో పరిశోధనశాల తెఱచినది. 2008లో ఇంటెల్ ఎనుబది గిగాబైట్ల పలకను విడుదల చేసిన నాటినుండి సామాన్యుని కంప్యూటరులోనికి ఇది ప్రవేశింపసాగినది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వత్తును. ఎలక్ట్రానులను అరలోనికి నెట్టునపుడును వెలికి లాగునపుడును వాడబడు వోల్టేజి, ఆ పలుచని ఆక్సైడు పొరను ప్రతిమాఱును రవ్వంత గాయపఱచును. పొర నెఱియలు వాఱినకొలది, నిండిన అరకును ఖాళీ అరకును భేదము మసకబాఱును. ముద్రలో తెల్లని సందు పూడిపోవుట యెట్టిదో ఇదియు నట్టిదే. తొలినాటి అర ఒక్క బిట్టును మాత్రమే దాచెడిది గనుక రెండు స్థాయిలు తెలిసిన చాలును. అది లక్ష మాఱులవఱకు చెరిపి వ్రాయుటకు ఓర్చెడిది. చౌక కొఱకు అరకు మూడు బిట్లు కూరినపుడు ఎనిమిది స్థాయిలు, నాలుగు కూరినపుడు పదునాఱు స్థాయిలు గుర్తింపవలసి వచ్చి, ఓర్పు వేయి, మూడువేల సార్లకు దిగజాఱినది. వినుటకే భయము గొలుపు ఈ అంకెలే జనులలో అపనమ్మకమును నాటినవి. ఇందొక విశేషము: పెడన శాలలలో అచ్చును బ్లాకు అనియు పిలుతురు, ఫ్లాష్ విద్యలోను ఒక్కమాఱు చెరుపబడు అరల గుంపునకు బ్లాకనియే పేరు. ఒక్క బ్లాకే పదేపదే దెబ్బ తినకుండ, లోనున్న కంట్రోలరు వ్రాతను అన్నిటిపై వంతులవారీగా పంచును; కొన్ని బ్లాకులను వెనుకకు దాచియుంచి, చెడినవాని స్థానమున నిలుపును. చెడిన బిట్లను గణితముతో సరిదిద్దుకొనును.

కనుక అరుగుదల భయము మితిమీఱినదని నా అభిప్రాయము. అయిదువందల గిగాబైట్ల సాధారణపు పలకకు మూడువందల టెరాబైట్ల వ్రాతకు హామీ ఉండుట పరిపాటి. అద్దకపు శాలలో దినమునకు పది గిగాబైట్లు వ్రాసినను అది పూర్తియగుటకు ఎనుబదేండ్లు దాటును. టెక్ రిపోర్ట్ అను పత్రికవారు 2013 నుండి 2015 వఱకు ఆరు ఎస్‌ఎస్‌డిలపై ఆపకుండ వ్రాయుచు పోగా, ఆరును ఆరువందల టెరాబైట్లు దాటినవి. కడపటిది రెండువేల నాలుగువందలు దాటి మఱి ఆగినది. పైగా ఎంత అరిగినదో శాతములలో చూపు లెక్క ఆ పలకలోనే కలదు. దానిని తెరపై తెచ్చి చూపగా పెద్దాయన కన్నులు మెఱసెను.

అయితే ఆ లెక్క చూపని చావులు కలవు. 2011లో ఇంటెల్ పలకలు కొన్ని, కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినపుడు, తమ యావత్తు పరిమాణము ఎనిమిది మెగాబైట్లే యని చెప్పసాగెను. లోని సమస్తమును అందకుండ పోయెను. వేసవిలో గాలివాన పుట్టినంతనే కరెంటు పోవు మా ఊరివారి కిది చిన్న సంగతి కాదు. 2019లో హెచ్‌పీఈ సంస్థ అమ్మిన కొన్ని పలకలు, లోని ప్రోగ్రాములో దొరలిన దోషముచేత, సరిగా 32,768 గంటలు, అనగా మూడు సంవత్సరముల రెండువందల డెబ్బది దినముల ఎనిమిది గంటలు, నడచినంతనే ఆగిపోవునని ఆ సంస్థయే హెచ్చరించినది. ఒకే దినమున అమర్చిన రెండు పలకలు ఒకదానికొకటి ప్రతులైనను ఒకే గడియలో పోవునన్న మాట. టొరాంటో విశ్వవిద్యాలయపు బియాంకా ష్రోడర్, గూగుల్ సంస్థవారితో కలిసి ఆరేండ్ల యనుభవమును పరిశీలించి 2016లో ప్రకటించిన నివేదికయు, హార్డ్ డిస్కులకంటె ఇవి తక్కువగా మార్పబడుచున్నను, సరిదిద్దరాని తప్పులు మాత్రము వీనియందే హెచ్చని తెలిపినది. టకటక శబ్దము లేదు, గీత లావెక్కుట లేదు. నిన్న నుండెను, నేడు లేదు.

మఱియొకటి వేడిమి. ఎలక్ట్రానులు అరలనుండి మెల్లమెల్లగా జాఱిపోవుచుండును; ఎండ హెచ్చినకొలది వేగముగ జాఱును. ఆయువంతయు వాడబడిన పలక, కరెంటు లేకుండ ముప్పది డిగ్రీలవద్ద ఒక సంవత్సరము వ్రాతను నిలుపవలెనని పరిశ్రమవారి ప్రమాణము. క్రొత్త పలక అంతకంటె ఎన్నో రెట్లు నిలుచును. ఈ భేదము తెలియక వ్యర్థముగా కలత పడువారు కలరు. అయినను, మే నెలలో రేకుల కప్పు క్రింద బీరువాలో పెట్టి మఱచిపోదగిన వస్తువు ఇది కాదు. ఆ పనికి హార్డ్ డిస్కే మేలు.

మేము చేసిన దింతే. చిత్రములన్నియు క్రొత్త పలకలోనికి ఎక్కించి, కరెంటు పోయినను కొంతసేపు నిలుపు యూపీఎస్‌ను తగిలించితిమి. వేఱొక సంస్థ చేసిన హార్డ్ డిస్కుపై ఒక ప్రతి తీసి, హైదరాబాదులో నున్న ఆయన కుమారుని యింటికి పంపితిమి. చిత్రముల పేర్లను పెద్దాయన దగ్గఱ కూర్చుండి మార్చితిని. ప్రతి అచ్చు పిడిపై చెక్కియున్న అంకెయే దాని చిత్రమునకును పెట్టవలెనని ఆయన పట్టుపట్టెను. పని ముగిసిన మఱునాడు నేను మరల పోవునప్పటికి, ఆయన తెల్లని గుడ్డ పఱచుకొని, అచ్చుల పెట్టెలోనివి ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటి ఒక్కొక్క ముద్ర వేయుచు, ప్రతి ముద్ర క్రిందను ఆ అంకెను కలముతో వ్రాయుచుండెను. అప్పటికి నూట నలుబదవ అచ్చు నడచుచుండినది.